పది కీర్తనల కేకు

మా అత్తగారు కేకు కాల్చేటప్పుడు గడియారం చూడరు. దళసరి అల్యూమినియం గిన్నెలో గోదావరి ఇసుక పోసి, పొయ్యి మీద బాగా వేడెక్కనిచ్చి, పిండి పోసిన డబ్బాను అందులో దించి మూత పెడతారు. ఆ తర్వాత పక్కనే పీట వేసుకుని పాడడం మొదలుపెడతారు. పది కీర్తనలు. పదోది పూర్తయ్యేదాకా మూత ఎవరూ ముట్టుకోకూడదు. ఇంట్లో గడియారం లేని రోజుల్లో వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న లెక్క అది. నరసాపురంలో మా వీధివాళ్ళంతా క్రిస్మస్‌కి ఆ కేకు ముక్క కోసం ఎదురుచూసేవారు.

ఈమధ్య ఒక డిసెంబరు మొదట్లో, పండక్కి ముందు చెయ్యి సరిచూసుకోవడానికి ఎప్పటిలాగే ఒక కేకు కాల్చారు. ఐదో తరగతి చదివే మా అమ్మాయి అప్పటికి టీవీలో వచ్చే కేకుల పోటీకి బాగా అలవాటు పడిపోయింది. తెలుగులోకి డబ్ చేసిన పోటీ. ప్రతి ఆదివారం న్యాయనిర్ణేతలు రుచి చూస్తారు, ఒకరిని ఇంటికి పంపేస్తారు. మా పిల్ల ముక్కను తిరగేసి, చెంచాతో అడుగు మీద టకటకా కొట్టి, గొంతు మార్చి చెప్పింది:

"అడుగు మాడింది. మీ శ్రమ మాకు నచ్చింది మామ్మగారూ, కానీ ఈ వారం ఇంటికి వెళ్ళేది మీరే."

"ఇంట్లోనే ఏడిశాను కదే, ఇంకెక్కడికి పొమ్మంటావు?" అన్నారు అత్తగారు.

అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను. సాయంత్రం పెరట్లోకి వెళ్తే, ఏళ్ళ తరబడి కాలి నల్లబడ్డ ఆ ఇసుకనంతా ఆవిడ కరివేపాకు చెట్టు మొదట్లో పోసేస్తున్నారు.

"ఈ ఏడు బేకరీలో తెచ్చుకుందాం అమ్మాయ్. పోయినేడు కూడా మాడింది. నా చెయ్యి పోయింది."

లోపలికొచ్చి టీవీ కట్టేశాను. ఇలాంటివి పిల్లలు చూడాల్సినవి కాదన్నాను. పిల్ల ఏడ్చింది. "నేను అబద్ధం చెప్పానా? మాడింది కదా!" అంది.

జవాబు లేనప్పుడు నేను గ్రంథాలయానికి వెళ్తాను. పదో తరగతి దగ్గర చదువు ఆగిపోయి లేసు అల్లకంలో పడ్డదాన్ని, ఆ తర్వాత నేర్చుకున్నదంతా ఆ బీరువాల్లోంచే. గర్వంగానే చెబుతున్నాను. పిల్లలూ టీవీ గురించి రాసిన వ్యాసాలు నాలుగైదు దొరికాయి కానీ, మనసుకి ఆనలేదు. పక్కనే ఒక సైన్సు పుస్తకం కనిపించింది. తడిసిన గోధుమ పిండిలో సాగే జిగురు పుడుతుందట. సోడా వదిలే వాయువు చిన్న చిన్న బుడగలై ఆ జిగురు గోడల మధ్య చిక్కుకుంటుందట. వేడికి ఆ గోడలు గట్టిపడిపోతాయట. చిన్నప్పటినుంచీ తింటున్న కేకు లోపల ఇన్ని గదులు కట్టబడుతున్నాయని నాకు తెలియనే తెలియదు!

చదవని పుస్తకాన్ని తిట్టేవాళ్ళంటే నాకు చిరాకు. మరి చూడని పోటీని నేను తిట్టొచ్చా? ఆ ఆదివారం లేసు ఒళ్ళో పెట్టుకుని పిల్ల పక్కన కూర్చున్నాను. టీవీలో ఓవెన్ అద్దం వెనక పిండి మెల్లగా లేస్తోంది, ఉబ్బుతోంది, రంగు తిరుగుతోంది. నేను పుస్తకంలో చదివిన గదులు నా కళ్ళ ముందే కడుతున్నారు. నా చేతిలో సూది ఆగిపోయింది.

బట్టలు మడతపెడుతున్నట్టు నటిస్తూ గుమ్మంలో నిలబడ్డ అత్తగారు, "లోపల ఏమవుతోందో కనిపించేస్తుందేంటే! ఇంక వాళ్ళకి పాటతో పనేముంది?" అన్నారు.

"వాళ్ళకి గడియారం ఉంటుంది మామ్మా. టైమైపోతే అందరూ చేతులెత్తేయాలి."

అంతలో ఒకావిడ కేకు పక్కకి జారిపోయింది. పక్క బల్లావిడ తన పని వదిలేసి పరుగెత్తుకొచ్చి రెండు చేతులతో దాన్ని పట్టుకుంది. వాళ్ళిద్దరూ పోటీదారులే.

"ఇలా కూడా చేస్తారా? నాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నాను.

"నువ్వెప్పుడూ అడగలేదుగా" అంది పిల్ల.

తర్వాతి ఆదివారం చర్చిలో అది కీర్తన పుస్తకం వదిలేసి గోడ గడియారం చూస్తూ నిలబడింది. గిల్లాను. అయినా చూపు తిప్పలేదు. తిరిగొచ్చేటప్పుడు అత్తగారిని ముందుకు పోనిచ్చి నా కొంగు పట్టుకుని ఆపింది.

"అమ్మా, ఇవాళ పాడిన కీర్తన చర్చిలో నాలుగు నిమిషాలు. మామ్మ పొద్దున్నే ప్రార్థనలో పాడితే ఆరు. మొన్న రెండుసార్లు చూశాను. పది కీర్తనలకి ఎంత తేడా వస్తుంది?"

ఇరవై నిమిషాలు ఎక్కువ. కేకు మాడడానికి అది చాలు.

"మామ్మ చెయ్యి బాగానే ఉంది. పాటే నెమ్మదించింది" అంది. వెంటనే, "ఆవిడకి చెప్పకమ్మా" అని కూడా అంది.

పిండిలో పుట్టే వాయువు గురించి పుస్తకం వెతికి తెలుసుకున్నాను కానీ, మా అత్తగారి ఊపిరి సంగతి నాకు తట్టలేదు. పదేళ్ళ పిల్లకి తట్టింది.

పక్కింటి కట్టుబడికి తోలిన ఇసుకలోంచి వాళ్ళనడిగి బకెట్టెడు తెచ్చింది. కడిగి, రెండు రోజులు మేడమీద ఎండబెట్టి, జల్లించి తెచ్చి మామ్మ ముందు పెట్టింది.

"మళ్ళీ మార్కులు వెయ్యడానికా?" అన్నారావిడ.

"కాదు. నీతో పాడతాను."

శనివారం మధ్యాహ్నం గిన్నె పొయ్యెక్కింది. పిల్ల పీట పక్కనే చేరి, తొడ మీద తాళం వేస్తూ, చర్చిలో పాడే వేగంతో ఎత్తుకుంది. ఆరో కీర్తన దగ్గర అత్తగారు రొప్పుతూ, "ఏంటే ఆ పరుగు, రైలుందా నీకు?" అన్నారు. "చర్చిలో ఇలాగే పాడతారుగా మామ్మా!" అంటూనే ఏడోది అందుకుంది. నేను హాల్లోంచి గడియారం చూస్తున్నాను. పదోది పూర్తయ్యేసరికి నలభై రెండు నిమిషాలు.

కేకు బోర్లించారు. అడుగు బెల్లం రంగులో ఉంది. అత్తగారు వేలితో తట్టి చూసి, ముక్క తుంచి నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలారు.

"బానే వచ్చింది. నువ్వు అంత తొందరపెట్టకపోతే ఇంకా బాగుండేది."

పిల్ల నా వైపు చూసింది. పెదవి కొరుక్కుని, తల వంచి, "అవును మామ్మా" అంది.

గిన్నె చల్లారాక ఇసుక ఎక్కడ పొయ్యమంటారని అడిగాను.

"పొయ్యడమేంటమ్మాయ్, పండక్కి వద్దూ?" అన్నారు.