రామగిరి తొవ్వలో ఒంటి లైటు టిప్పర్లు

కరీంనగర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు సోషల్ చెబుతాను. కోటల పాఠం వచ్చినప్పుడల్లా ఎక్కడో ఉన్న కోటల పేర్లు చదివించి ఊరుకోవడం నాకే నచ్చేది కాదు. మన పాత ఉమ్మడి జిల్లాలోనే రామగిరి ఖిల్లా ఉంది. మంథని బస్సులో పోతున్నప్పుడు కిటికీలోంచి ఎన్నోసార్లు ఆ గుట్టను చూశాను గానీ ఒక్కసారీ ఎక్కలేదు. పోయిన చలికాలం సెలవుల్లో ఎక్కి తీరాలని బయలుదేరాను. గోడలు, ద్వారాలు, పైన కనిపించే పొలాల గురించి ఇక్కడ రాద్దామనుకున్నాను. కూర్చుంటే మాత్రం ముందు రోడ్డు సంగతే వస్తోంది. కోపం ఇంకా తగ్గలేదు, అందుకని అదే రాస్తున్నాను.

కరీంనగర్ నుంచి పెద్దపల్లి దాకా ఒక బస్సు, అక్కడ మారి మంథని బస్సెక్కితే గుట్టకు దగ్గరలో, బొగ్గుగని కార్మికులుండే సెంటినరీ కాలనీలో దిగొచ్చు. బస్సుల కోసం ఎదురుచూపుతో కలిపి మూడు గంటలు వేసుకోండి. కాలనీలో మా చిన్నమ్మ కూతురు రజిత ఉంటుంది. ఆమె భర్త శ్రీనివాస్ బొగ్గుబాయిలో పనిచేస్తాడు. వరుసగా ఒకే తీరు క్వార్టర్లు, గోడల మీద జై తెలంగాణ రాతలు, ప్రతి ఇంటి ముందూ ఏదో ఒక కూరగాయ పాదు. రాత్రి అన్నం తింటుంటే శ్రీనివాస్ అన్నాడు: "గుట్ట మీద నీళ్లు దొరకయి వదినా. ఎండ ముదరకముందే ఎక్కాలె. గానీ గంత పొద్దుగాల ఆటోలు నడువయి. తొవ్వ పొడుగూతా బొగ్గు టిప్పర్లు తిరుగుతయి, పైలంగ పోండ్రి."

తెల్లవారకముందే రజితా నేనూ బయలుదేరాం. రజిత తెల్ల శాలువా కప్పుకుంది, నా చేతిలో టార్చి ఉంది. కాలనీ లోపల వీధి దీపాలు పట్టపగల్లా వెలుగుతున్నాయి. కాలనీ దాటగానే ఒక్క దీపం లేదు. రోడ్డు అంచున వేసిన తెల్లగీత బొగ్గుపొడి కింద ఎప్పుడో కలిసిపోయింది. తారు ఎక్కడ అయిపోయిందో మట్టి ఎక్కడ మొదలైందో కాళ్లతో తడుముకోవాల్సిందే. పైగా మంచు. అయినా ఆ చీకట్లో మేమిద్దరమే లేం. ఊళ్ల నుంచి కాలనీకి పనికి వచ్చే ఆడవాళ్లు, పాలవాళ్లు, కూరగాయలవాళ్లు ఎదురొస్తూనే ఉన్నారు. దగ్గరికొచ్చి దగ్గితే తప్ప మనిషని తెలియడం లేదు.

అలా ఎదురొచ్చిన ఒక ముసలామెను రజిత గొంతుతోనే గుర్తుపట్టింది. కాలనీలో ఇంటింటికీ ఆకుకూరలు అమ్మే కనకవ్వ. తల మీద గంప, ఒంటి నిండా ముదురు రంగు చద్దరు.

"ఎటు పోతున్నరు బిడ్డా గింత చీకట్ల?" అంది.

"గుట్టకు పోతున్నం అవ్వా. నువ్వేంది, లైటు లేకుంట గిట్ల నడుస్తవ్?"

"నాకు ఈ తొవ్వ తెల్వదా? పెండ్లయి వచ్చినకాడి నుంచి నడుస్తున్న" అని నవ్వి, గంప దించి కొంచెం ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు దూరంగా ఒక లైటు కనిపించింది, ఒక్కటే. "మోటర్ సైకిలొస్తుంది" అంటూ కనకవ్వ గంపను అంచుకు జరపబోయింది. మోటర్ సైకిలుకు ఎంత చోటు కావాలో అంత జరిగింది. మేమూ అదే అనుకున్నాం. చప్పుడు దగ్గరైతే గానీ అది టిప్పరని తెలియలేదు. దానికి మా వైపు లైటే లేదు. నేను టార్చి ఊపుతూ అరిచాను. రజిత నన్ను మట్టిలోకి లాగింది. టిప్పర్ అంచు తగిలి కనకవ్వ పక్కనున్న కాలువలో పడింది. గోంగూర కట్టలు రోడ్డంతా చెదిరిపోయాయి.

ఆమె అరుపు వినబడగానే ముందు నాకు కలిగింది సంతోషమే. అరుస్తోందంటే బతికే ఉంది. కుడికాలు మాత్రం మోకాలి కింద వంకర తిరిగిపోయింది. కాలనీ వైపు పోతున్న పాల ఆటోను ఆపి, క్యాన్లు దింపించి, రజిత ఆమెను ఒళ్లో పడుకోబెట్టుకుని దవాఖానకు తీసుకుపోయింది. నేను రజిత తెల్ల శాలువా పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడ్డాను, వెనక వచ్చే బండి ఇంకొకరిని గుద్దకుండా.

టిప్పర్ డ్రైవర్ బండి ఆపి వెనక్కి పరుగెత్తుకొచ్చాడు. "కనబడలే అక్కా, ఒట్టు. లైటు పోయిందని నిన్నటి సంది చెప్తున్న. ట్రిప్పు ఆపొద్దన్నరు" అన్నాడు. తిట్టాల్సింది వాడిని కాదు. తిట్టాల్సిన మనిషి కాసేపటికి మోటర్ సైకిలు మీద వచ్చాడు, బండ్లు తిప్పే కాంట్రాక్టరు దగ్గరి సూపర్‌వైజర్. పడినావిడ బతికిందా లేదా అని కూడా అడగలేదు. "నల్ల చద్దరు కప్పుకొని రోడ్డు మీద నిలబడితె ఎవ్వలకు కనబడ్తది మేడం?" అన్నాడు.

నేను మామూలుగా గొంతు పెంచే మనిషిని కాను. ఆ రోజు ఏం అరిచానో సగం గుర్తులేదు. "చద్దరుకు రంగు తక్కువైందా, నీ బండికి లైటు తక్కువైందా?" అన్నది మాత్రం గుర్తుంది. అప్పటికే పనికి పోయే ఆడవాళ్లు చుట్టూ మూగారు. ఒకామె చీపురు కింద పడేసి, "మా అవ్వను గుద్ది మళ్ల ముచ్చట్లు చెప్తున్నవా?" అంటూ తారు మీద కూర్చుంది. ఆమె పక్కన ఇంకొకరు, వారి పక్కన నేను. టిప్పర్లు ఒకదాని వెనక ఒకటి ఆగాయి. మేం లేచి ఒక్కో బండి ముందు నిలబడి లైట్లు వేయించాం. ఒకదానికి కుడి లైటు లేదు, ఇంకోదానికి వెనక ఏమీ లేదు, మరోదాని అద్దం మీద దుమ్ము గోడకు సున్నం వేసినట్టు గట్టిపడింది. ఒక్క రోజులో పోయిన లైట్లు కావవి.

పొద్దు బాగా ఎక్కాక కాంట్రాక్టరే దిగివచ్చాడు. మెకానిక్కును పిలిపించి లైట్లు బిగించాకే బండి కదలాలని, కనకవ్వ వైద్యం ఖర్చంతా అతనే పెట్టుకోవాలని అందరి ముందూ ఒప్పించాం. ఆ తర్వాతే లేచాం.

దవాఖానలో కనకవ్వ కాలికి కట్టుతో పడుకుని ఉంది. సూపర్‌వైజర్ అన్న మాట ఎవరో చెప్పినట్టున్నారు. "నేను కనబడలేదంటడా?" అంది పళ్లు బిగించి. "నా గోంగూర రోజు వాళ్లింటికే పోతది. బేరం ఆడేటప్పుడు మంచిగ కనబడ్త గదా?" అప్పటికి శ్రీనివాస్ కూడా దవాఖానకు వచ్చాడు. బయటికొచ్చాక, "బాయి లోపట మనిషికో లైటు ఇస్తరు వదినా. పైన మా అవ్వలకేమో చీకటి" అన్నాడు.

మరునాడు పగటిపూట అతను బండి మీద దింపితే గుట్ట ఎక్కాను. గోడలు గట్టివి, ద్వారాలు ఇంకా నిలబడి ఉన్నాయి, పైన గాలి చల్లగా ఉంది. చూడాల్సిన చోటే. కానీ కింద రోడ్డు మీద పాకుతున్న టిప్పర్ల వరుస మీది నుంచి చూపు తిప్పుకోలేకపోయాను. కనకవ్వ మూడు నెలలకు కర్ర పట్టుకుని లేచిందని రజిత ఫోన్ చేసింది. గంప ఇప్పుడు కోడలు మోస్తోందట. లైట్లు కొన్నాళ్లు వెలిగాయట, మళ్లీ ఒంటి లైటు బండ్లు కనిపిస్తున్నాయట. దీపాలు వేయాల్సినవాళ్లు, బండ్లు బాగుచేయాల్సినవాళ్లు తప్పించుకుని, చీకట్లో నడిచేవాళ్ల బట్టల రంగు గురించి మాట్లాడటం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. బతకడానికి నడిచే మనిషికి కనబడే బాధ్యత ఉంటే, బండి నడిపించేవాడికి చూసే బాధ్యత లేదా?

అది తేలేదాకా రామగిరికి పోయేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. తెల్లవారకముందు నడవాల్సి వస్తే లేతరంగు బట్ట పైన కప్పుకుని, బండ్లకు ఎదురుగా ఉండేలా కుడి అంచున నడవండి. టార్చిని డ్రైవర్ కళ్లలోకి కొట్టకండి, మీ బట్టల మీద పడేలా కిందికి పట్టుకోండి. ఒక్క లైటు వస్తుంటే మోటర్ సైకిలు అనుకోకండి, టిప్పర్ అనుకుని రోడ్డు పూర్తిగా దిగండి.