వెనకబెంచీ మేడం

మా బడిని ఎవరేమన్నా ఊరుకుంటాను గానీ, మా లెక్కల మేడంని అంటే మాత్రం ఊరుకోను. పిల్లలు ఆవిడకు పెట్టిన పేరు వెనకబెంచీ మేడం. యాభై నాలుగేళ్లు, రెండు మోకాళ్లూ నొప్పులే. అయినా కొత్త టీచరు ఎవరు చేరినా వాళ్ల క్లాసుకు వెళ్లి, ఆఖరి బెంచీలో పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుంటారు. తనిఖీకి కాదు, ఊరికే చూడటానికి.

మొండి మనిషి. ఒక ఏడాది స్టాఫ్‌రూములో పదహారు మందికి పన్నెండే కుర్చీలు ఉండేవట. హెడ్మాస్టరు గారికి ఎన్నిసార్లు చెప్పినా "చూద్దాం మేడం" అనేవారట. ఈవిడ తన కుర్చీ కొత్తగా వచ్చిన అమ్మాయికి ఇచ్చేసి, కిటికీ గట్టు మీద నోటుపుస్తకాలు పెట్టుకుని నిలబడి దిద్దడం మొదలుపెట్టారు. ఎవరు కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు. నాలుగో రోజుకు హెడ్మాస్టరు గారికి తల కొట్టేసినట్టయింది. ఐదో రోజున కుర్చీలు దిగాయి.

ఇక నా సంగతి. ఉద్యోగంలో చేరేముందు నాకిచ్చిన శిక్షణ రెండు రోజులు. తెర మీద ఉన్నదాన్నే ఒకాయన పైకి చదివాడు, మేం కింద కూర్చుని ఆవలించాం. వాళ్లిచ్చిన సంచీ మాత్రం గట్టిది, మా అమ్మ ఇప్పటికీ కూరగాయలకు అదే పట్టుకెళ్తుంది. తర్వాత నేరుగా ఎనిమిది సి సెక్షన్‌లోకి తోసేశారు. మా బడిలో సీనియర్లు కావలసిన క్లాసులు ఏరుకున్నాక మిగిలినవి కొత్తవాళ్ల నెత్తిన పడతాయి. ఎవరు సెలవు పెట్టినా ఆ పీరియడ్ కూడా కొత్తవాళ్లదే. మూడు నెలల్లో నా గొంతు పోయింది, నిద్ర పోయింది, చదువు చెప్పాలన్న సరదా కూడా పోయింది. మా మేనమామకు కుళాయిలు, పైపుల షాపు ఉంది. "వచ్చి కౌంటర్లో కూర్చోరా, శుక్రవారంలోగా ఏ సంగతీ చెప్పు" అన్నాడు. వెళ్లిపోదామనే అనుకున్నాను.

ఆ సోమవారం మేడం నా సైన్సు క్లాసుకొచ్చి వెనక కూర్చున్నారు. గంట కొట్టాక వరండాలో ఒక్కటే మాట అన్నారు.

"అర్థమైందా అని పదకొండుసార్లు అడిగావు నాయనా. పదకొండుసార్లూ అయిందన్నారు. నా పక్కనున్న ఇద్దరికీ ఒక్క ముక్కా అర్థం కాలేదు."

నా ముఖం మాడిపోయింది. "నావల్ల కాదు మేడం. ఈ వారంతో మానేస్తున్నాను" అనేశాను.

ఉండమని బతిమాలతారేమో అనుకున్నాను. ఆవిడ నన్ను వెంటబెట్టుకుని నేరుగా హెడ్మాస్టరు గారి గదికి నడిచారు. "ఈ అబ్బాయికి రేపూ ఎల్లుండీ మూడో పీరియడ్ ఖాళీ కావాలి. నా క్లాసులో కూర్చుంటాడు."

"మరి ఇతని క్లాసులెవరు చూస్తారు మేడం?"

"మీరు చూడండి. మీరూ టీచరే కదా!"

ఆయన టైంటేబుల్ ముందుకు లాక్కుని పెన్ను తీశారు.

మర్నాడు మూడో పీరియడ్ ఆవిడది ఎనిమిది సి లోనే. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎలా అవుతుందో పాఠం. గది మధ్యలో తనే నడిచి చూపించడం మొదలుపెట్టారు. వెనక్కి తిరగడం ఒక మైనస్, వెనక్కి నడవడం ఇంకో మైనస్. కిటికీ పక్క కూర్చున్న అమ్మాయి లేచి, "తిరగడమెందుకు మేడం?" అని అడిగింది. మేడం "చెప్తా, చెప్తా" అంటూనే నడిచారు. తిరిగారు, మళ్లీ తిరిగారు, ఎటు తిరిగారో తనే మర్చిపోయి వెళ్లి చెత్తబుట్టకు తగిలారు. క్లాసంతా గొల్లుమంది. గంట కొట్టేశారు.

బయటికొచ్చాక చీర కుచ్చిళ్లు దులుపుకుంటూ నా వైపు చూశారు. "చెప్పు. నా పాఠం ఎక్కడ చెడింది?"

"అబ్బే, బాగానే ఉంది మేడం."

ఆవిడకు చుర్రున కోపమొచ్చింది. "నువ్వు కూడా ఆ పిల్లల్లాగే నాకు అర్థమైందని చెప్తావా? వెనక కూర్చున్నవాడికే కనిపిస్తుంది. చెప్పు!"

భయంభయంగానే చెప్పాను. "ఆ అమ్మాయి ఎందుకని అడిగింది కదా మేడం. అక్కడ ఆగి ఉండాల్సింది."

ఆవిడ తలూపారు. "నిజమే" అన్నారు.

బుధవారం మూడో పీరియడ్. నేను వెనక బెంచీలో ఉన్నాను. మేడం వస్తూనే, "నిన్న నేను సరిగ్గా చెప్పలేకపోయాను. ఎక్కడ తప్పిందో సైన్సు సారు పట్టుకున్నారు. అక్కణ్ణుంచి మళ్లీ మొదలుపెడదాం" అన్నారు. నలభై తలలు ఒక్కసారిగా నా వైపు తిరిగాయి. మూడు నెలలుగా నేను అరిచి అరిచి తిప్పుకోలేకపోయిన తలలు! కిటికీ పక్క అమ్మాయిని లేపి, తననే నడవమన్నారు. వెనక్కి తిరిగి, వెనక్కే నాలుగు అడుగులు వేశాక, తను ముందుకే వచ్చానని చూసుకుని ఆ పిల్ల ఆగి, "ఓ, అందుకా!" అంది. నాకు నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఆ సాయంత్రం మెట్ల మీద ఒక్కో అడుగే దిగుతూ అన్నారావిడ. "నాతో పాటు ఆరుగురం చేరాం నాయనా. ఐదుగురు మానేశారు. నాకంటే బాగా చెప్పేవాళ్లు. వాళ్ల క్లాసులో వెనక ఒక్కరు కూర్చుని ఉంటే ఉండిపోయేవాళ్లు. నాకేమో ఆ సంగతి తెలిసేసరికి ఆలస్యమైపోయింది."

శుక్రవారం మావయ్య ఫోన్ చేశాడు. "ఏరా, సోమవారం నుంచి వస్తున్నావుగా?"

"రాలేను మావయ్యా."

"ఏం, పర్మినెంట్ చేశారా?"

"లేదు. సోమవారం మా లెక్కల మేడం కొత్త పాఠం మొదలుపెడుతున్నారు. వచ్చి ఎలా ఉందో చూసి చెప్పమన్నారు."

"నువ్వా? ఆవిడకా?" అన్నాడు మావయ్య.

"అవును మావయ్యా, నేనే" అన్నాను.