మా వదిన వజ్రాలు

ఆ రోజుల్లో ఉద్యోగం లేని బీఎస్సీవాడికి రెండే పనులుండేవి: అన్నయ్య ఇంట్లో అన్నం తినడం, తిన్నందుకు మొహమాటపడడం. రెండూ నేను శ్రద్ధగానే చేశాను. అయితే ఒక్క సంగతి మాత్రం గర్వంగా చెప్పుకోగలను. వజ్రాన్ని కొరికి పన్ను విరగ్గొట్టుకున్న మనిషిని ఈ కోనసీమ మొత్తంలో కళ్ళారా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ వజ్రాన్ని ఆయన చేతిలో పెట్టిందీ నేనే. (నవ్వకండి. పొంగించినచోట నేనే ఒప్పుకుంటాను.)

కొత్తపేటలో కాలవగట్టు మీద ఒక ట్యుటోరియల్ కాలేజీ ఉండేది. ఇంటర్ తప్పినవాళ్ళని చేర్చుకుని సెప్టెంబరు పరీక్షకి తయారుచేసేవారు. దాన్ని నడిపే కరస్పాండెంటు గారు భారీ మనిషి, మాట మాత్రం వెన్న. "కెమిస్ట్రీకొచ్చిన మేస్టార్లు ఇద్దరూ వెళ్ళిపోయేరండి. మావాళ్ళకి బుర్రల్లేక కాదండి, కంటికి కనపడని ఆటం అంటే నమ్మరండి. రేపో క్లాసు చెప్పండి. వెనక బెంచీకి అర్థమైతే మీరే మా మేస్టారు. లేదంటే కాఫీ తాగేసి వెళ్దురుగాని" అన్నారు. ఏడాదిగా మారుమాట లేకుండా నాకూ కంచం పెడుతున్న వదిన గుర్తొచ్చారు. ఆ కాఫీ మాత్రం తాగకూడదు అనుకుని ఇంటికి వచ్చాను.

చెప్పాల్సిన పాఠం వజ్రమూ, గ్రాఫైటూ. ఆ సాయంత్రం వదిన పాకుండల కోసం పొయ్యి మీద బెల్లప్పాకం పెట్టారు. నేను ఎదురుగా పీట వాల్చుకుని అప్పచెప్పడం మొదలెట్టాను. రెండూ కర్బనమే. ఒక్కో పరమాణువుకీ నాలుగు చేతులనుకుందాం. వజ్రంలో ఆ నాలుగింటితోనూ చుట్టూ ఉన్న నలుగుర్ని పట్టుకుంటుంది, వాళ్ళూ అలాగే తలో నలుగుర్నీ పట్టుకుంటారు. ఎటు లాగినా ఎవరూ వదలరు. అందుకే అంత గట్టి. గ్రాఫైటులో మూడు చేతులతోనే పట్టుకుని పల్చటి పొరలా పరుచుకుంటుంది. పొరకీ పొరకీ మధ్య పట్టు అంతంతమాత్రం, తాకితే జారతాయి. పెన్సిలు గీసినప్పుడు కాగితం మీద మిగిలేది ఆ జారిన పొరలే. ఇక నాలుగో చేతిలో ఉండాల్సిన ఎలక్ట్రాను ఎవరికీ కట్టుబడకుండా పొరంతా తిరుగుతుంటుంది, అందువల్ల గ్రాఫైటులో కరెంటు పారుతుంది.

"ఎవరికీ కట్టుబడకుండా తిరుగుతాదా? మనింట్లోనూ ఉన్నాడుగా ఒకడు" అన్నారు వదిన, గరిటె పైకెత్తి పట్టుకుని.

సరిగ్గా అప్పుడే నా కళ్ళు అలమారలో ఉన్న పూతరేకుల మీద పడ్డాయి. అన్నయ్య ఆత్రేయపురం నుంచి తెచ్చినవి. పూతరేకుల్లో ఉన్నది బియ్యం, బెల్లం. పాకుండల్లో ఉన్నదీ బియ్యం, బెల్లమే. ఒకటి పొరలు పొరలుగా జారుతుంది, ఇంకోటి అన్ని వైపులా పట్టుకుని కూచుంటుంది! నేను ఎగిరి గంతేసి, ఈ కొత్త ఉపమానంతో పాఠమంతా మళ్ళీ మొదటినుంచీ వినిపించాను. ఆవిడ "ఆయ్, ఆయ్" అంటూ విన్నారు.

మర్నాడు క్లాసులో పూతరేకు విప్పి చూపించాను. నెయ్యి రాసుకున్న పొరలు ఒకదాని మీంచి ఒకటి జారుతుంటే ముందు బెంచీలు మెడలు చాచాయి. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "ఇందులోనూ కరెంటు పారుద్దాండీ?" అన్నాడు. "పారేది నెయ్యేరా" అన్నాను. గది ఘొల్లుమంది. నేను బోర్డు వైపు తిరిగి బొమ్మ వేసి ఇటు తిరిగేసరికి బల్ల మీద గ్రాఫైటు లేదు. ముందు బెంచీ మూతులు మాత్రం నిగనిగలాడుతున్నాయి.

ఇక వజ్రం. వెనక కూచున్న కరస్పాండెంటు గారి చేతిలో పాకుండ పెట్టి, "కొరకండి" అన్నాను ధీమాగా. 'టక్' మని చప్పుడు. ఆయన చెంప పట్టుకున్నారు. నా కళ్ళముందు కాఫీ గ్లాసు కనిపించింది, దాని వెనకే వదిన మొహం.

ఆయన ఒక పక్క నోటితోనే అన్నారు: "మేస్టారూ, నాలుగు చేతులూ పట్టుకున్నాదండి. వదల్లేదు. రేపట్నుంచి వచ్చేయండి. ఈ వజ్రాలు మాత్రం తేకండి."

(పన్ను విరగలేదు లెండి. కదిలింది. అదీ ముందునుంచీ కదులుతున్నదే. ఆ బ్యాచీ అంతా పాసయిందని మొన్న మనవడికి చెప్పాను, సగమే పాసయింది.)

అలా దొరికిన ఉద్యోగంతోనే నా బతుకంతా గడిచింది. కథ మాత్రం ప్రతి ఏడూ కాస్త పెరిగింది. మా బంధువుల్లో ఏ శుభకార్యమైనా వదిన పాకుండలు వడ్డించగానే ఎవరో ఒకరు కంచానికేసి తట్టి చూసి నవ్వడం ఆనవాయితీ అయిపోయింది. ఆవిడా నవ్వేసేవారు. నిన్న ఇదంతా రాసి, వరండాలో కూచున్న వదినకి చదివి వినిపించాను. చదువుతుంటే, పొయ్యి ఎదురుగా పీట మీద కూచుని లోకానికి రహస్యం విప్పుతున్న ఆ బక్కపలచని కుర్రాడు కనిపించి నాకే ముచ్చటేసింది.

"ఎలా ఉంది వదినా?" అన్నాను.

"నీ మొహంలా ఉంది. నా పాకుండలు ఆ ముందుగానీ ఆ తరవాతగానీ గట్టిగా వచ్చేయా? పాకం అయిపోయింది, దింపుతానంటే దింపనిచ్చేవా? 'ఇదొక్కటీ విను వదినా, ఇదొక్కటీ' అంటూ చేతులు లెక్కపెట్టేవు. లేస్తే నీ మొహం చిన్నబోతాదని కూచున్నాను, అది కాస్తా ముదిరిపోయింది. అవి నా వజ్రాలు కావు, నీవి. రాసుకో."