నా మేనకోడలి బరువు ఎనభై ఒక్క కిలోలు

నా మేనకోడలి బరువు ఎనభై ఒక్క కిలోలని ఊరూరా చెప్పింది నేనే. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో నాకూ తెలియదు. నోటికి వచ్చింది, చెప్పాను. ఎనభై అంటే ఉజ్జాయింపు అనుకుంటారు. పైన ఒక కిలో కలిపితే కాంటా చూసి వచ్చినట్టు ఉంటుంది. ముప్పై ఏళ్లుగా కోతలు కోస్తున్నవాణ్ని, ఈ మాత్రం కిటుకులు తెలుసు.

తెలంగాణ వచ్చాక రెండో మేడారం జాతర జరిగిన ఏడాది అది. అమ్మాయి డిగ్రీ చదువుతూ కాలేజీ కబడ్డీ జట్టులో ఆడేది. మోకాలు బెణికి ఆరు నెలలు కుంటింది. బిడ్డ మళ్లీ ఆడితే నిలువెత్తు బంగారం ఇస్తానని మా అక్క సమ్మక్కకు మొక్కుకుంది. ఈ మొక్కులో బంగారమంటే బెల్లమే. మనిషి ఎంత తూగితే అంత బెల్లం. మోకాలు కుదురుకుంది.

నల్లగొండ బజారులో బెల్లం దుకాణం ముందు పెద్ద త్రాసు కట్టారు. ఒక తట్టలో అమ్మాయి కూర్చుంటే రెండో తట్టలో బెల్లం ముద్దలు పేర్చారట. దారిన పోయేవాళ్లంతా నిలబడి చూశారట. సమ్మక్క తల్లికి తక్కువ కావద్దని మా అక్క ఇంకో ముద్ద, ఇంకో ముద్ద అంటూనే ఉందట, పిల్ల నవ్వుతూనే ఉందట. నేను చేరేసరికి బెల్లం మూటలు కట్టి ఉంది. మోసే పని మాత్రం మేనమామది. ఎంత తూగిందని ఎవరినీ అడగలేదు. నా నడుము చెప్పిన లెక్కే ఎనభై ఒకటి. మొక్కు బెల్లం ఎంత ఎక్కువైతే ఇంటికి అంత గొప్ప కదా!

నెల తిరక్కముందే కేతేపల్లిలో కబడ్డీ పోటీలు పెట్టారు, మొదటి రోజు మగపిల్లలకు, రెండో రోజు ఆడపిల్లలకు. మైకు నాది. రెండో రోజు పొద్దున హోటల్లో చాయ్ తాగుతుంటే, కొల్లాపూర్ వైపు నుంచి వచ్చిన జట్టు టీచరమ్మ పక్క బెంచీ మీద కూర్చుంది. కొత్త మనిషి దొరికితే ఊరుకుంటానా. మొక్కు కథంతా చెప్పాను, కిలోలతో సహా. ఆమె ఎంతో శ్రద్ధగా విన్నది.

మొదటి ఆట ఆమె జట్టుకూ మా అమ్మాయి జట్టుకూ పడింది. టీచరమ్మ నేరుగా నిర్వాహకుల బల్ల దగ్గరికి వచ్చింది. ఆ పోటీల్లో అరవై అయిదు కిలోలు దాటిన పిల్లలు ఆడరాదు. బరువైన పిల్ల మీద పడితే బక్క పిల్ల ఎముక విరుగుతుందని ఆ నియమం. ఆడపిల్లల విషయంలో అప్పటిదాకా కాగితం మీద రాసిచ్చిన బరువునే నమ్మారు. ఇప్పుడు సొంత మేనమామే ఎనభై ఒకటన్నాడని టీచరమ్మ నా వైపు వేలు చూపింది.

అది అబద్ధమని మైకులోనే ఒప్పుకున్నాను. ఆ మైకులో నేను చెప్పిన మొదటి నిజం అదేనేమో, ఒక్కరూ నమ్మలేదు.

పత్తి వ్యాపారి కాంటా తెచ్చి బల్ల పక్కన పెట్టారు. ముందురోజు మగపిల్లలను దాని మీదే తూచాం. నేను కిలోలు మైకులో చదువుతుంటే వాళ్లు జబ్బలు చరుచుకున్నారు, ప్రహరీ గోడ మీది పోరగాళ్లు ఈలలు వేశారు. ఆ పోరగాళ్లు ఇవాళా అక్కడే ఉన్నారు. ఈసారి ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు.

అమ్మాయి కాంటా ఎక్కనంది. ఎక్కకపోతే ఆట లేదన్నారు. పక్కకు తీసుకెళ్లి, బజారంతా చూస్తుండగా తట్టలో కూర్చున్నదానివి, ఇప్పుడేమొచ్చిందని అడిగాను. నిజంగానే అర్థం కాక అడిగాను.

"ఆడ నన్ను సమ్మక్కకు తూచిండ్రు మామా. ఈడ గోడ మీదోళ్లకు తూస్తరు. రేపు బస్సెక్కితే పేరు వెట్టి పిలువరు, కిలోలు వెట్టి పిలుస్తరు. నీ పుణ్యాన గిప్పటికే ఎనభై ఒకటి అనవట్టిరి."

"మరి ఆడకుండనే పోతవా?"

"తూకానికి భయపడుత లేను. గా మేడం ఒక్కతే సూడనీ. నంబరు బయటికి రావద్దు."

ఆ మాట చెబితే నిర్వాహకుల్లో ఒక పెద్దాయన ఒప్పుకోలేదు. తూకమంటే నలుగురి కళ్ల ముందే జరగాలన్నాడు. ఆయన రైతు. వడ్లు తూచే కాంటా దగ్గర పక్కకు చూస్తే ఏమవుతుందో అనుభవించినవాడు. ఆయన మాటా తీసిపారేసేది కాదు. చాటుగా జరిగిన తూకాన్ని మా ఊళ్లలో ఎవరు నమ్ముతారు? టీవీలో ఆడపిల్లల కుస్తీ వస్తే ఎన్ని కిలోల పోటీయో తెర మీదే వేస్తారు, దాన్ని చూసి ఎవరూ ఈల వెయ్యరు. అవే కిలోలు మగపిల్లవాడికి జబ్బ చరుచుకునే గొప్ప అయ్యాయి. ఈ పిల్లకెందుకు ముళ్లయ్యాయి? తప్పు అంకెలో ఉందా, గోడ మీద ఉందా? ఎంత తవ్వినా నాకు తేలలేదు.

నాకు తేలకపోయినా టీచరమ్మకు తేలింది. "మాకు నంబరుతోని పని లేదు పెద్దాయనా. అరవై అయిదు దాటిందా లేదా, గంతే. నేను సూసొస్త. నా పిల్లలు నా మాట నమ్ముతరు."

కాంటాను బడి గదిలోకి మోశారు. తలుపు మూసుకుంది. దాచడమెందుకు, నేను కిటికీ వైపు ఒక అడుగు వేశాను. లోపలి నుంచి రెక్క పడింది. కాసేపటికి టీచరమ్మ బయటికి వచ్చి, "అరవై అయిదు లోపట్నే ఉన్నది, ఆడనియ్యుండ్రి" అంది.

గోడ మీది నుంచి ఎంత, ఎంత అని కేకలు. మైకు నా చేతిలో ఉంది. అరవై రెండున్నర అనేద్దామని నాలుక కొసదాకా వచ్చింది. అమ్మాయి జెర్సీ సర్దుకుంటూ నా వైపే చూస్తోంది. టాస్ ఎవరు గెలిచారో చెప్పి నోరు మూసుకున్నాను.

మావాళ్లు మూడు పాయింట్లతో ఓడిపోయారు. కూతకు వచ్చినవాళ్లలో నలుగురిని మా అమ్మాయి ఒక్కతే పట్టేసింది. అయిదో పిల్ల జారిపోయింది.

సాయంత్రం టీచరమ్మ వ్యాను ఎక్కబోతుంటే చాయ్ తెచ్చిచ్చాను. సొంత మేనమామను కదా, నా ఒక్కడికి చెబితే ఏం పోతుందని మెల్లగా కదిపాను. ఆమె చాయ్ మొత్తం తాగి ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టింది.

"గంత తెలుసుకోవాలనుంటే రేపు మీరే కూతకు పోయి ఆ పిల్ల చేతిల పడుండ్రి అన్నా. ఎంతుందో మీకే ఎరుకైతది."