కల్యాణసింగ్‌పూర్ అడవిలో ఒంటరిగా మిగిలిన పొద

వరసగా రాత్రి డ్యూటీలు చేసి ఒళ్లు పులిసిపోయింది. సెలవురోజు పడుకోవాల్సింది పోయి, పొద్దున్నే దామంజోడిలో రాయగడ వెళ్లే రైలెక్కాను. మా క్వార్టర్స్ తోటలో నల్లతల పిగిలిపిట్టలే, అంటే బుల్‌బుల్ పిట్టలే, తిరుగుతాయి. కల్యాణసింగ్‌పూర్ దాటాక అడవిలో వాటి దాయాదులు, నెత్తిన నిక్కబొడుచుకున్న జుట్టూ బుగ్గన ఎర్రమచ్చా ఉన్నవి కూడా నల్లతలవాటి పక్కనే గూళ్లు కడతాయని విన్నాను. ఒకే పళ్లూ పురుగులూ తినే ఈ రెండూ చోటెలా పంచుకుంటాయో చూడాలనిపించింది.

రాయగడ స్టేషన్ బయట అప్పన్న అనే అతని ఆటో మాట్లాడుకున్నాను, రోజంతటికీ పదిహేను వందలు. వాళ్లది గుణుపురం దగ్గర వ్యవసాయం. గతుకుల్లో నా నడుం విరిగినంత పనైంది.

"పిట్టల కోసం ఇంత దూరమేటి మేడం? మా పొలానికొస్తే బోల్డు సూపింతును" అన్నాడు.

అడవి మొదట్లో టీ దుకాణం నడిపే పార్వతమ్మ, పొయ్యిలోకని వెనక ముళ్లపొదలు కొడుతోంది. ఆమె కొట్టబోయే పొదలో, నా నడుమెత్తున, జుట్టు పిగిలిపిట్ట గూడు కనిపించింది. లోపల ఈకలైనా రాని పిల్లలు.

"అమ్మా, ఆగండి! గూడుంది" అని అరిచాను.

ఆమె వంగి చూసింది. "పిల్లలున్నాయేటి? ఐతే ఈ పొద ఒగ్గేస్తానమ్మీ."

మిగతావి కొట్టేసింది. నేను సంతోషంగా అడవిలోకి నడిచాను. అక్కడ రెండు జాతులూ ఒకే చెట్టు పళ్ల మీద వాలాయి. గూటికి మాత్రం జుట్టువి కింది పొదల్లోకి దిగాయి, నల్లతలవి నా తలకు పైన కొమ్మల పంగల్లోకి వెళ్లాయి. కాళ్లు లాగేస్తుంటే ఒక రాయి మీద కూలబడి చూశాను.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఆ పొదలోంచి, గూళ్లలో పిల్లల్ని ఎత్తుకుపోయే జెముడుకాకి లేచింది. గూడు ఖాళీ. చుట్టూ చాటు పోయి ఆ పొద ఎంత దూరానికైనా కనబడుతోంది. తల్లిపిట్ట నోట పురుగుతో కొమ్మలు మారుతూనే ఉంది.

"ఒగ్గీసేను కదమ్మీ..." అంది పార్వతమ్మ, చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయి.

"చుట్టూ ఉన్నవి కూడా ఉంచమని నాకూ తోచలేదమ్మా" అన్నాను.

అన్నం పెట్టింది. తిన్నాం. తర్వాత ఆమె దారికి అవతల ఉన్న పొదల దాకా వెళ్లి, దూరం నుంచే వంగి చూసి వచ్చింది. "ఆ వైపు తల్లులు తిరుగుతున్నాయమ్మీ. పిల్లలెగిరే దాకా అటంతా ఒగ్గేస్తాను. పొయ్యిలోకి ఎండు పుల్లలు ఏరుకుంటాను."

తిరుగు రైల్లో అంత అలసటలోనూ కునుకు పట్టలేదు. గూడంటే ఆ గడ్డిగిన్నె ఒక్కటే అనుకున్నాను. చుట్టుపక్కల ముళ్లన్నీ కలిస్తేనే వాటికి ఇల్లని ఆలస్యంగా తెలిసింది. వేసవిలో మీరు వెళితే బైనాక్యులర్ తీసుకెళ్లండి. గూడు కనబడితే ఫోటో కోసం ఒక్క రెమ్మను కూడా పక్కకు తొయ్యకుండా, తల్లిపిట్ట బెదరక లోపలికి వెళ్లేంత దూరంలో నిలబడండి.