కానుగ నూనె పూసిన రోజు

హైదరాబాద్ రాష్ట్రం ఇంకా ఉన్న రోజులు. కరీంనగర్ దగ్గర ఒక చేనేత ఇంటికి కోడలినై వచ్చి ఏడాదయింది. మా కుక్క రాజుకు గజ్జి పట్టింది. నెల రోజులుగా అది గోక్కుంటూ మూలుగుతుంటే ఎవరికీ నిద్ర లేదు.

"దాన్ని ఊరవతల ఇడిసి రాపోండ్రి," అని అత్తమ్మ రోజూ విసుక్కునేది.

నాకు మనసొప్పలేదు. ఒక పొద్దున కానుగ నూనెలో గంధకం కలిపి దాని ఒంటినిండా పట్టించాను. మంట పుట్టిందేమో, చేతుల్లోంచి జారి వాడలోకి ఉరికింది. అక్కడ మామయ్య గంజి పెట్టి ఆరేసిన తెల్లని నూలు పడుగు మగ్గానికి ఎక్కించేందుకు బారుగా సాగి ఉంది. రాజు దాని కింద దూరి, ఈ కొస నుంచి ఆ కొస దాకా వీపు రుద్దుకుంటూ పోయింది. నూలంతా జిడ్డు చార. వాడ వాళ్లంతా చూస్తున్నారు. నేను తలెత్తలేకపోయాను.

"ఏం జేస్తం బిడ్డా, ఉతుకుండ్రి," అన్నాడు మామయ్య నీరసంగా.

అత్తమ్మా నేనూ మధ్యాహ్నం దాకా కుంకుడు రసంతో ఉతుకుతూనే ఉన్నాం. నడుములు పడిపోయాయి. ఇంతలో రాజు వచ్చి మా పక్కనే పడుకుంది. ఒక్కసారి కూడా గోక్కోలేదు. నేను నీళ్ల బిందె లాగబోయాను.

"సప్పుడు చెయ్యకే పిల్లా," అంది అత్తమ్మ. "ఇన్నొద్దులకు పండుకున్నది."

ఆమె నన్ను నోరారా మెచ్చుకున్నది ఎన్నడూ లేదు. ఆ మాటనే మెచ్చుకోలనుకుని ఇన్నేళ్లూ దాచుకున్నాను.