మట్టి అడగని మొక్క

మా రాత్రిబడి టీచరమ్మగారు ఇక లేరు. సఖినేటిపల్లి రేవులో పంటు పడవ దిగి వచ్చిన వారి తమ్ముడుగారు మా అరుగు మీద కూర్చుని ఈ కబురు చెప్పారు. చెప్పి, చేతిసంచి విప్పారు. అందులో ఆమె ఆర్కిడ్ మొక్క ఉన్నది. నరసాపురంలో ఆమె మంచం పట్టిన నాటి నుంచి దానికి నీరు చిలకరించినవారు లేరట. ఆకులు ముడతలు పడి, తోలుముక్కల్లా వేలాడుతున్నాయి.

"ఒలుపు మేస్త్రిగారికి ఇచ్చి రమ్మందండీ అక్క. మట్టి దగ్గరికి మాత్రం పోనివ్వొద్దని మరీ మరీ చెప్పింది."

ఆ మాటకు నా తల వంగిపోయింది. కారణం పాఠకులకు చెప్పవలసి ఉన్నది.

డెబ్భయ్యవ దశకంలో, ముప్పయ్యేళ్లు దాటిన తరువాత, రాజోలు దగ్గరి మా పల్లెలో అక్షరాలు దిద్దినవాడిని నేను. పగలు గునపం మీద కొబ్బరికాయలు ఒలిచి, దీపాలు పెట్టే వేళకు బడికి పోయేవాడిని. పదవ తరగతి ప్యాసైన సంగతి నేటికీ తలెత్తి చెప్పుకుంటాను. టీచరమ్మగారు మావంటి కూలివారిని సైతం 'గారు' అనే పిలిచేవారు. నేను మేస్త్రిని కాను. ఆ పదవి వారిచ్చినదే. తప్పు రాస్తే కొట్టివేసేవారు కారు. పక్కన చిన్న చుక్క పెట్టి, "ఇక్కడ ఒకసారి ఆగండి" అనేవారు.

వారి చెల్లెలు మన్యంలో నర్సుగా పనిచేస్తూ జ్వరంతో పోయారు. అంతకుముందు, గాలికి కూలిన మామిడి కొమ్మ నుంచి తీసి అక్కకు పంపిన మొక్క అది. చెల్లెలి గుర్తుగా ఆమెకు మిగిలినది అదొక్కటే. కంటి ఆపరేషనుకు కాకినాడ వెళుతూ దానిని నాకు అప్పగించారు.

"పొద్దున్న కాసిని నీళ్లు చిలకరించండి, చాలు."

నాకు చాలదనిపించింది. వేర్లన్నీ గాలిలో దిక్కు లేనట్టు వేలాడుతుంటే చూడలేకపోయాను. గోదావరి ఒండ్రులో పుట్టి పెరిగినవాళ్లం. మట్టి లేని మొక్క మా కంటికి పస్తున్న మనిషి. కాలువ గట్టున మంచి ఒండ్రు తవ్వి తెచ్చి, కుండలో దానిని మెడ వరకూ పాతి, పూటకొక చెంబెడు నీళ్లు పోశాను. పది రోజులకు కింది ఆకులు పండి రాలాయి. భయపడి మరో చెంబెడు పోశాను.

ఆమె నల్లద్దాలతో తిరిగి వచ్చారు. చూపు ఇంకా కుదురుకోలేదు. కుండను చేతితో తడిమారు.

"ఏమండీ మేస్త్రిగారూ, సమాధి చేసేశారా?"

"బలం వస్తుందనుకున్నానండీ."

"ఆయ్, వచ్చింది. మట్టికి!"

నవ్వారు గాని, తడిమే చెయ్యి కుండ మీద నుంచి తీయలేదు.

"బతుకుతుందాండీ?"

"తెలీదు. ముందు బయటకి తీయండి. రోజూ కాయలు ఒలుస్తారు కదా, ఆ పీచు డొక్కలేం చేస్తారు?"

ఆ పని ఊసు బడిలో ఎవరూ ఎత్తకూడదని నా కోరిక. "పొయ్యిలో పెడతామండీ" అన్నాను, నేల చూస్తూ.

"నాలుగు తెండి. దానికి కావలసిందల్లా అదే."

ఆమె చెప్పారు, నేను చేశాను. నొక్కితే మెత్తగా నలిగిన వేరల్లా దీపంలో కాల్చిన బ్లేడుతో కోసివేశాను. గట్టివి మూడే మిగిలాయి. కోసినచోట పసుపు అద్ది, రెండు రోజులు నీడన ఆరబెట్టాము. డొక్క ముక్కలను, ఎర్రనీరు దిగడం ఆగేవరకూ నానబెట్టి కడిగి, బొగ్గుముక్కలతో వెదురుబుట్టలో పేర్చి, దానిపై మొక్కను నిలిపి చూరుకు కట్టాము.

తరువాత నాకు అన్నం సహించలేదు. పనికి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి వారి గుమ్మంలో నిలబడేవాడిని.

"పురుటిగది బయట కూడా ఇంతలా తచ్చాడలేదు మీరు" అన్నది నా భార్య.

మొక్కను కదిపి చూస్తూ ఒకనాడు దొరికిపోయాను. "చెయ్యి తీయండి," అన్నారు టీచరమ్మగారు. "కదిపితే వేరెలా పట్టుకుంటుందండీ? మీరూ నేనూ భయపడదాం, దాన్ని మాత్రం భయపెట్టొద్దు."

రెండు నెలలు దాటాక కొత్త వేరును మొదట చూసినది ఆమె, బాగైన కంటితోనే. నన్ను పిలిచి చూపించారు. నా పొరపాటును ఆ తరువాత ఒక్కరి ఎదుటా ఎత్తలేదు. మళ్లీ ఎత్తినది తమ్ముడుగారితో పంపిన ఆ మాటలోనే, ఇన్నేళ్లకు.

ఈసారి చెప్పేవారు లేరు. ఎండిన మొక్కను కాసేపు నీటిలో ఉంచి, నీరు ఓడ్చి, డొక్కల మధ్య నిలిపి, మా చూరుకు కట్టి నలభై రోజులైంది. మరో ఆకు రాలింది. మట్టి వైపు పోలేదు గాని, చెంబు వైపు చాలాసార్లు చెయ్యి పోయింది.

ఈ ఉదయం కాండం పక్కన, బియ్యపు నూకంత, పచ్చగా ఏదో కనిపించింది. వేరో, నా ఆశో తెలియలేదు. తాకి చూద్దామని చెయ్యి చాచాను. ఆమె నా పలక మీద పెట్టే చుక్క సరిగ్గా అంతే ఉండేది.

ఆగాను.